ఇంటర్వ్యూలో పిల్లలు అడగాల్సిన ప్రశ్నల గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పేపర్లో వచ్చే చదువు, ఉద్యోగాల పేజీని నేను వదలకుండా చదువుతాను. పనికొచ్చేవి కత్తిరించి మా కాలేజీ నోటీసు బోర్డు మీద పెడతాను కూడా. కానీ ఇంటర్వ్యూల మీద వచ్చే వ్యాసాలన్నీ ఒకే వైపు నుంచి ఉంటున్నాయి. మీ గురించి చెప్పండి అంటే ఎక్కడ మొదలుపెట్టాలి, మీ బలహీనత ఏమిటంటే ఏం చెప్పాలి, ఏ రంగు షర్టు వేసుకోవాలి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవే. అవతలివాళ్ళు అడిగితే మనం ఎలా జవాబు చెప్పాలో నేర్పుతున్నారు గానీ, మనం వాళ్ళని ఏం అడగాలో ఒక్క ముక్క రాయడం లేదు. నేను అనకాపల్లి జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను, ప్లేస్‌మెంట్ సెల్ కూడా నేనే చూస్తాను. మా పిల్లల్లో చాలామంది పరవాడ ఫార్మా సిటీకో అచ్యుతాపురం సెజ్‌కో వెళ్తారు, కొందరు హైదరాబాద్ దాకా వెళ్లి జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం వైపు చేరతారు. వాళ్ళను చూస్తూ ఉన్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది, కుదించకుండా వేస్తే సంతోషం.

ఇంటర్వ్యూ చివర్లో దాదాపు ప్రతి కంపెనీలోనూ "మీరేమైనా అడగాలనుకుంటున్నారా?" అంటారు. మా పిల్లలు దాదాపు అందరూ "నథింగ్ సార్, థాంక్యూ సార్" అని లేచి వచ్చేస్తారు. బయటికొచ్చాక నన్ను అడుగుతారు, సార్, చేతికెంత వస్తుందంటారు, బస్సు ఉంటుందా, ఇన్నేళ్ళలోపు మానేయనని బాండ్ రాయించుకుంటారంట కదా అని. నాకెలా తెలుస్తుంది? తెలిసిన మనిషి లోపల కూర్చుని ఉన్నాడు, అడగమని తనే అన్నాడు కూడా. ఇది పిల్లల తప్పని నేను అనను. ఇంట్లో పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడకూడదని పెంచాం, క్లాసులో డౌట్ అడిగితే తర్వాత చెబుతాలే కూర్చో అన్నాం, ఇన్నేళ్ళు నోరు మూయించి ఇప్పుడు ముక్కూ మొహం తెలియని హెచ్ఆర్ ముందు నోరు తెరవమంటే మాట ఎక్కడి నుంచి వస్తుంది?

ఊరి చివర నాలుగు సెంట్ల స్థలం కొనాలంటే మనవాళ్ళు ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు చూపించమంటారు, పక్క స్థలం ఆయన దగ్గరికెళ్లి హద్దుల గొడవలేమైనా ఉన్నాయా అని ఆరా తీస్తారు. అదే ఇంట్లో కొడుకో కూతురో రోజుకు పది పన్నెండు గంటలు గడపబోయే చోటు గురించి మాత్రం "ఎంతిస్తారట?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటారు. ఆ ఎంతకి కూడా సరైన జవాబు దొరకదు, దాని సంగతి కిందికి వస్తాను.

మొదట ప్రాణం సంగతి. 2024 ఆగస్టు 21న మా అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో సాల్వెంట్ (మండే ద్రావకం) లీకై ఆవిరి పేలి 17 మంది పోయారు, పట్టపగలు, మధ్యాహ్నం భోజనాల వేళ. అంతకుముందు 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెంలో రియాక్టర్ (కెమికల్స్ కలిపి మందు తయారుచేసే పెద్ద పాత్ర) దగ్గర ప్రమాదం, ఆ తర్వాత 2025 జూన్ 30న పాశమైలారంలో నలభై మందికి పైగా. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరీన్ విషవాయువు లీకైన రోజు ఈ ప్రాంతంలో ఎవరికీ మరపు రాదు. ఇవన్నీ మీరు మొదటి పేజీలో వేశారు. కొన్నాళ్ళకు అదే పేపర్లో "ప్రొడక్షన్ కెమిస్టులు కావలెను, బీఎస్సీ, ఎమ్మెస్సీ ఫ్రెషర్స్, ఆదివారం వాకిన్" అని ప్రకటన పడుతుంది, మా పిల్లలు సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని బయల్దేరతారు. వెళ్లొద్దని నేను చెప్పను. ఆ పరిశ్రమ వల్ల ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళు నిలబడ్డాయి. కానీ రియాక్టర్ పక్కన నిలబడబోయే మనిషి దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సంతకం పెట్టడం నాకు భయం వేస్తుంది.

అడగాల్సినవి పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. నన్ను ఏ బ్లాకులో వేస్తారు, అక్కడ ఏ సాల్వెంట్లు వాడతారు, ప్లాంటులోకి పంపేముందు ఎన్ని రోజులు సేఫ్టీ ట్రైనింగ్ ఇస్తారు, నేను ముట్టుకునే కెమికల్స్ సేఫ్టీ డేటా షీట్లు నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెబుతారా. మాక్ డ్రిల్ ఈమధ్య ఎప్పుడు చేశారు. ఈ ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినమని మా పిల్లలకు చెబుతాను. ఫలానా నెలలో చేశాం, సైరన్ మోగాక ఇంతసేపట్లో అందరూ అసెంబ్లీ పాయింట్ దగ్గరికి వచ్చారు, ఇద్దరు లెక్కలో తేలకపోతే వెనక్కి వెళ్లి వెతికాం అని చెప్పే మనిషి దగ్గర ధైర్యంగా చేరొచ్చు. "మా దగ్గర సేఫ్టీకే టాప్ ప్రయారిటీ అమ్మా" అని నవ్వేసి తర్వాతి మాటకు వెళ్లిపోయే మనిషి దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. ఒక షిఫ్టులో ఒక కెమిస్టు ఎన్ని రియాక్టర్లు చూడాలి? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. రాత్రి షిఫ్టులో మనిషి సెలవు పెడితే ఆ రియాక్టర్లు కూడా కొత్తగా చేరిన కుర్రాడి నెత్తిన పడతాయి, ఉష్ణోగ్రత ఒకచోట పెరుగుతుంటే వాడు ఇంకోచోట శాంపిల్ తీస్తూ ఉంటాడు. ఏదైనా తేడాగా అనిపిస్తే బ్యాచ్ ఆపే అధికారం షిఫ్టులో ఉన్న కెమిస్టుకు ఉందా, లేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, తెల్లవారుజామున రెండింటికి ఆ మనిషి ప్లాంటులో ఉంటాడా, పక్క ఊళ్ళో ఇంట్లో నిద్రపోతూ ఉంటాడా. వీలైతే "ఒకసారి ప్లాంటు చూడొచ్చా సార్" అని అడగండి. చూడనిస్తే సేఫ్టీ షవర్ ముందు డ్రమ్ములు పెట్టి దారి మూసేశారా, ఎమర్జెన్సీ తలుపుకు తాళం ఉందా, లోపల తిరిగేవాళ్ళ మొహాలకు మాస్కు ఉందా అన్నది రెండు నిమిషాల్లో కళ్ళకే కనిపిస్తుంది, ఎవర్నీ అడగక్కర్లేదు.

రెండోది, నన్ను చేర్చుకుంటున్నది ఎవరు? వినడానికి వింతగా ఉంటుంది గానీ మా దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మా పాత విద్యార్థి ఒకడు ట్రైనీ కెమిస్టు అని చేరాడు. యూనిఫాం మీద కంపెనీ పేరు, బస్సు మీద కంపెనీ పేరు, క్యాంటీన్ కంపెనీది. కొన్ని నెలల తర్వాత చేతికి కాలిన గాయమై ఆస్పత్రి ఖర్చు దగ్గర గొడవ వస్తే అప్పుడు తెలిసింది, వాడు ఉన్నది ఒక కాంట్రాక్టర్ రోల్స్ (ఉద్యోగుల జాబితా) మీద అట, జీతంలో పీఎఫ్ పట్టుకున్నారు గానీ ఖాతాలో జమ కాలేదట. వాళ్ళ నాన్నగారు కాగితాలన్నీ సంచిలో వేసుకుని కాలేజీకి వచ్చి, "సార్, మా వాడు కంపెనీలో ఉన్నట్టా లేనట్టా" అని అడిగారు. చట్ట ప్రకారం కాంట్రాక్టర్ కట్టకపోతే పీఎఫ్, ఈఎస్ఐ (వైద్య బీమా) బాధ్యత అసలు కంపెనీ మీద పడుతుంది, ఆ సంగతి ఆయనకు చెప్పాను, కానీ ఆ తిరుగుడంతా తిరగాల్సింది ఆయనే కదా.

అందుకని ఇంటర్వ్యూలోనే అడిగేయాలి. ఇది కంపెనీ రోల్సా, థర్డ్ పార్టీ రోల్సా? ఆఫర్ లెటర్ ఎవరి లెటర్‌హెడ్ మీద వస్తుంది? ఉద్యోగిగా తీసుకుంటున్నారా, అప్రెంటిస్‌గానా? అప్రెంటిస్ అయితే వచ్చేది స్టైపెండ్, పీఎఫ్ ఉండదు, గడువు అయ్యాక ఉద్యోగం ఇస్తారన్న గ్యారంటీ కూడా ఉండదు. అది నేర్చుకోవడానికి మంచి దారే, నేను కాదనను, 1961 అప్రెంటిస్ చట్టం కింద పనిలో గాయపడితే నష్టపరిహారం హక్కు వాళ్ళకీ ఉంది. అయితే అప్రెంటిస్‌గా చేరుతున్నానని తెలిసి చేరడం వేరు, ఉద్యోగం అనుకుని పెళ్ళి సంబంధం కూడా మాట్లాడుకున్నాక తెలియడం వేరు. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే ఎన్నాళ్ళు, ఆ తర్వాత ఏమిటి అన్నది కూడా అడగాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ వాళ్ళకు ఏడాది పనిచేసినా గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) వస్తుంది, ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. కాబట్టి "లెటర్ తర్వాత ఇస్తాంలే, ముందు జాయినైపో" అనే చోట ఆగి ఆలోచించమంటాను. చేరిన నెలలోపు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ తీసుకుని ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. కంపెనీకి అసలు పీఎఫ్ ఖాతా ఉందో లేదో ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో సంస్థ పేరు కొట్టి ఎవరైనా చూడొచ్చు, ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు రోజే చూసుకోండి.

ఇప్పుడు డబ్బు. జీతం గురించి అడిగితే ఆశపోతు అనుకుంటారని పిల్లలకు ఎవరు నేర్పారో గానీ చాలా చెడు చేశారు. టెక్నికల్ రౌండులో అడగొద్దు, అక్కడ కూర్చున్న ప్రొడక్షన్ మేనేజర్‌కి ఆ లెక్క తెలియదు కూడా. హెచ్ఆర్ దగ్గర మాత్రం అడిగి తీరాలి, అదీ సూటిగా, "అన్నీ పోను నెలకు నా అకౌంట్లో ఎంత పడుతుంది సార్?" అని. ఎందుకంటే ప్యాకేజీ అనే మాటకూ బ్యాంకు మెసేజ్‌కూ చాలా దూరం ఉంది. మూడు లక్షల ప్యాకేజీ అంటే పిల్లవాడు పన్నెండుతో భాగించి నెలకు 25,000 అనుకుంటాడు. అందులో బేసిక్ సగం, 12,500 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 1,500 అందులోనే ఉంటుంది. గ్రాట్యుటీ పేరుతో సుమారు 600 అందులోనే. కంపెనీ వాటా ఈఎస్ఐ ఒక 650. పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామనే వేరియబుల్ నెలకు 2,000 అనుకోండి. అవి తీస్తే మిగిలేది 20,250. అందులోంచి మన వాటా పీఎఫ్ 1,500, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 18,400. బస్సుకీ క్యాంటీన్‌కీ కోసుకుంటే ఇంకా కిందికి. గాజువాకలోనో లంకెలపాలెంలోనో రూము తీసుకుని, ఇంటికి కొంత పంపి, చదువు లోను కట్టాలనుకునే పిల్లవాడికి 25,000కీ 18,400కీ మధ్య తేడా ఎంతో నేను చెప్పక్కర్లేదు. ఇందులో మోసం ఉందని నేను అనడం లేదు, పీఎఫ్ మన డబ్బే, ఈఎస్ఐ అవసరమే. గ్రాట్యుటీ మాత్రం పర్మనెంటు వాళ్ళకు అయిదేళ్ళు నిండితేనే చేతికొస్తుంది, రెండేళ్ళకు మానేసేవాడి ప్యాకేజీలో అది ఉండటం కాగితం మీద అంకె మాత్రమే. అందుకని ప్యాకేజీ విడగొట్టి కాగితం మీద ఇమ్మని అడగండి. వేరియబుల్ అంటే నిరుడు ఈ పోస్టులో ఉన్నవాళ్ళకు ఎంత శాతం ఇచ్చారని అడగండి.

పని గంటలు కూడా డబ్బు లెక్కే. వారానికి 48 గంటలు దాటితే కార్మికుడికి రెట్టింపు రేటు ఇవ్వాలని చట్టం. కానీ మా పిల్లలకు వినిపించే మాట, "నువ్వు స్టాఫ్ కదా, స్టాఫ్‌కి ఓటీ (ఓవర్‌టైమ్ డబ్బు) ఉండదు" అని. సరే, ఉండదు అనుకుందాం, మరి షిఫ్టు అయ్యాక రిలీవర్ రాకపోతే నేను ఆగాల్సిందేనా, నెలలో అలా ఎన్నిసార్లు జరుగుతుంది, బదులు సెలవు ఇస్తారా, ఇచ్చిన సెలవు నిజంగా వాడుకోనిస్తారా? ఇది హెచ్ఆర్‌ని కాకుండా అదే డిపార్ట్‌మెంటులో రెండేళ్ళ ముందు చేరినవాడిని అడిగితే నిజం తెలుస్తుంది. బయట గేటు దగ్గర టీ కొట్టులో పది నిమిషాలు నిలబడితే దొరుకుతాడు.

బాండ్ గురించి పిల్లల్లో రెండు రకాల అపోహలున్నాయి. ఒకటి, బాండ్ అంటే జైలుకెళ్ళాలని టెన్షన్. రెండోది, బాండ్ ఏ కోర్టులోనూ చెల్లదులే అని సీనియర్లు ఇచ్చే ధైర్యం. రెండూ తప్పే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో, మూడేళ్ళ లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పిచ్చింది. ప్రతి ప్రైవేటు కంపెనీ రాయించుకునే ప్రతి కాగితమూ అలాగే నిలబడుతుందని దాని అర్థం కాదు, అడిగే మొత్తం సబబుగా ఉందా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. కానీ సంతకం పెట్టాక వాదించుకోవడం కంటే ముందే అడగడం సులువు. ఎన్నాళ్ళు, ఎంత మొత్తం, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా, మీరే నన్ను తీసేస్తే బాండ్ ఉంటుందా పోతుందా. నేను మానేస్తే మూడు నెలల నోటీసు, మీరు తీసేస్తే ఎన్నాళ్ళ నోటీసు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మా పిల్లలు మొహమాటపడతారు. అడగండి, అది మర్యాద తప్పిన ప్రశ్న కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటాం అంటే, సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇమ్మంటే మాత్రం అక్కడ ప్రశ్నలు కూడా వద్దు, లేచి వచ్చేయండి. టెన్త్ మెమో ఎవరి బీరువాలోనో ఉంటే ఇంకో ఇంటర్వ్యూకి ఏం పట్టుకెళ్తారు? రిఫండబుల్ డిపాజిట్ అని డబ్బు అడిగేవాళ్ళకూ అదే జవాబు.

పని గురించి అడగడం అన్నిటికంటే తేలిక, దాని వల్ల మార్కులు కూడా పడతాయి. క్యూసీలో (నాణ్యత పరీక్షించే ల్యాబ్‌లో) చేరేవాళ్ళు, నన్ను హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష యంత్రం మీద ఎప్పుడు కూర్చోబెడతారు, ఎవరు నేర్పుతారు, మొదటి ఆరు నెలలు ఏం పని చేస్తాను అని అడగాలి. శాంపిళ్ళు మోసి, గ్లాస్‌వేర్ కడిగి ఏడాది గడిపిన పిల్లలు నాకు తెలుసు, తర్వాత ఇంకో కంపెనీకి వెళ్తే అనుభవం ఏడాది అని రాసుకుంటారు, అడిగితే ఒక్క ఇన్‌స్ట్రుమెంట్ గురించి చెప్పలేరు. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ఇంతకుముందు ఉన్నాయన ఇక్కడే పైకి వెళ్లారా, మానేశారా అని కూడా అడగొచ్చు. ఇంకో ప్రశ్న నేను ప్రత్యేకంగా నేర్పుతాను. "ఒక శాంపిల్ ఫలితం స్పెసిఫికేషన్ దాటి వస్తే ఇక్కడ ఏం చేస్తారు సార్?" పద్ధతి ఉన్న ల్యాబ్ అయితే విచారణ ఎలా చేస్తారో, ఎవరు సంతకం పెడతారో వరసగా చెబుతారు. "మళ్ళీ చేయిస్తాం, వచ్చేదాకా చేయిస్తాం" అంటే రేపు తేదీలు మార్చమనీ అంకెలు దిద్దమనీ ఆ కొత్తగా చేరిన పిల్లనే అడుగుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీల్లో దొరికితే ఇచ్చే హెచ్చరిక లేఖలు వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, కంపెనీ పేరు కొట్టి చదువుకుని వెళ్ళొచ్చు. ఎమ్మెస్సీ చదివిన పిల్లలు ఆ మాత్రం చదవగలరు.

ఆడపిల్లల సంగతి విడిగా రాయాలి, ఎందుకంటే వాళ్ళని అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. పెళ్ళెప్పుడు, పెళ్ళయ్యాక చేస్తారా, నైట్ షిఫ్ట్ అంటే ఇంట్లో ఒప్పుకుంటారా. మా అమ్మాయిలు తల దించుకుని "ఒప్పుకుంటారు సార్" అని వచ్చేస్తారు. ఆ చివరి ప్రశ్నకు జవాబుగా నాలుగు ప్రశ్నలు వేయమని నేను చెబుతాను. రాత్రి షిఫ్టుకు బస్సు ఇంటి దగ్గర దింపుతుందా, మెయిన్ రోడ్డు మీదా? షిఫ్టులో ఇంకెంతమంది మహిళలు ఉంటారు? సెక్యూరిటీ గార్డుల్లో మహిళలున్నారా? లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారు, వాళ్ళ పేర్లు నోటీసు బోర్డులో పెట్టారా? పదిమంది కంటే తక్కువ కాకుండా పనిచేసే ఏ చోటైనా 2013 చట్టం ప్రకారం ఆ కమిటీ ఉండాలి, అది అడగడం వాళ్ళ మీద అనుమానపడటం అవదు. రాత్రి షిఫ్టుకు మహిళ అంగీకారం తప్పనిసరి, రానూపోనూ రవాణా, రక్షణ చూడాల్సింది యజమాని. ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలని 2017 నుంచి ఉంది. ఇది తొలి ఇంటర్వ్యూలోనే అడగడం ఇష్టం లేకపోతే పాలసీ కాపీ ఇమ్మని ఆఫర్ వచ్చాక అడగండి, అందులో అన్నీ ఉంటాయి.

ఎప్పుడు అడగాలన్నది కూడా చెప్పాలి. వాకిన్‌లో వందలమంది బయట ఎండలో నిలబడి ఉంటే లోపల ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు కూడా దొరకవు. అక్కడ ఇవన్నీ అడగలేరు, ఒకటో రెండో, అదీ పని గురించి, సేఫ్టీ గురించి అడిగి రండి. మిగతావన్నీ ఆఫర్ వచ్చాక. కంపెనీ మిమ్మల్ని కావాలని అనుకుని, మీరు ఇంకా సంతకం పెట్టని ఆ మూడు నాలుగు రోజుల్లో మీ మాటకు ఉన్నంత విలువ ముందూ ఉండదు, తర్వాతా ఉండదు. ఫోనులో కాకుండా మెయిల్‌లో అడగండి, జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. ఫోనులో చెప్పింది, "అలా నేను అనలేదే" అయిపోతుంది. ఇంగ్లీషు రాదని ఆగిపోవద్దు. మా వైపు కంపెనీల్లో హెచ్ఆర్‌లో కూర్చునేవాళ్ళు చాలావరకు తెలుగువాళ్ళే, తెలుగులో అడిగినా ఏమీ అనుకోరు. కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకుని వెళ్లి, చూసి అడగడం తప్పు కాదు, శ్రద్ధగా వచ్చాడనే అనుకుంటారు.

తల్లిదండ్రులు నాతో అనే మాట ఒకటుంది. "ఉద్యోగాలే లేవు మాస్టారూ, ఉన్న ఒక్కటీ మీ ప్రశ్నల వల్ల పోతే ఎవరిది బాధ్యత?" ఆ భయం నాకు అర్థమవుతుంది, వాళ్ళ అప్పు వాళ్ళకు తెలుసు. అడిగినందుకు పక్కన పెట్టిన సందర్భం కూడా ఉంది. మా అబ్బాయి ఒకడు షిఫ్టుకు ఎన్ని రియాక్టర్లు అని అడిగితే, "నువ్వు ఉద్యోగానికి వచ్చావా, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చావా" అన్నారట, పిలవలేదు. అది జరగదని అబద్ధం చెప్పి పిల్లల్ని పంపను. అయినా అడగమనే చెబుతాను. ఆ ప్రశ్నకే కోపం వచ్చిన చోట, రేపు లోపల వాల్వు లీకవుతోందని చెబితే వినే మనిషి ఉంటాడని నేను నమ్మలేను. ఇంకో సంగతి, ప్రశ్న అడగడమంటే ఉద్యోగం వద్దనడం కాదు. జవాబు నచ్చకపోయినా ఇంటి పరిస్థితి వల్ల చేరాల్సి రావచ్చు, చేరండి. కాంట్రాక్ట్ రోల్ అని తెలిసి చేరినవాడు మొదటి నెల నుంచే పీఎఫ్ పాస్‌బుక్ చూసుకుంటాడు, 18,400 వస్తుందని తెలిసి చేరినవాడు దానికి తగ్గ రూము వెతుక్కుంటాడు, రాత్రిపూట ఒక్కడే ఉంటాడని తెలిసినవాడు ఎవరికి ఫోన్ చేయాలో నంబరు జేబులో పెట్టుకుంటాడు.

ఇంజనీరింగ్ పిల్లలు చదువుతుంటే వాళ్ళకొక మాట. ఐటీలో రియాక్టర్లు ఉండవు గానీ జాయినింగ్ తేదీ ఉంటుంది. క్యాంపస్‌లో ఆఫర్ ఇచ్చి నెలల తరబడి పిలవకపోవడం, 2023లో ఒక పెద్ద కంపెనీ ఏడాదికి 6.5 లక్షలని చెప్పి తర్వాత 3.5 లక్షలకు వస్తారా అని అడగడం మీకు తెలిసిన వార్తలే. కిందటి బ్యాచ్‌కి ఆఫర్‌కీ జాయినింగ్‌కీ మధ్య ఎన్ని నెలలు పట్టింది, ట్రైనింగ్ పరీక్ష పోతే తీసేస్తారా, ఎన్ని అవకాశాలిస్తారు అని క్యాంపస్‌లోనే అడగండి. ఇది పిల్లల కంటే ముందు కాలేజీలు అడగాలి. డ్రైవ్ పెట్టుకోవడానికి వచ్చే ప్రతి కంపెనీ నుంచీ ఈ జవాబులు రాతలో తీసుకున్నాకే హాలు తెరవాలి. ప్లేస్‌మెంట్ల అంకె ఫ్లెక్సీ మీద వేసుకోవడం కోసం ఎవరొస్తే వాళ్ళని రానివ్వడం మానాలి.

సంపాదకులను కోరేది రెండు. మీ ఉద్యోగాల పేజీలో జవాబులు నేర్పే వ్యాసం వేసిన ప్రతిసారీ పక్కన అడగాల్సిన ప్రశ్నలు కూడా వేయండి, ఫార్మాకి వేరు, ఐటీకి వేరు, ఆస్పత్రి నర్సుకి వేరు, స్కూలు టీచరుకి వేరు, ఆయా పనులు చేసినవాళ్ళతోనే రాయించండి. రెండోది మీకు కష్టమని తెలిసే అడుగుతున్నాను. వాకిన్ ప్రకటనలు మీ పేపర్లోనే వస్తాయి. వాటిలో చేతికొచ్చే జీతం, కంపెనీ రోలా కాంట్రాక్ట్ రోలా, షిఫ్టు గంటలు, బాండ్ ఉందా లేదా, ఈ నాలుగూ రాయనిదే ప్రకటన తీసుకోబోమని మీరు నిబంధన పెట్టండి. రిక్రూట్‌మెంట్ ప్రకటన తెచ్చే ఏజెంట్లు మొదట్లో సణుగుతారు, కానీ వెయ్యిమంది పిల్లలు బస్సు ఛార్జీలు పెట్టుకుని పరవాడ దాకా వచ్చాక తెలుసుకునేది ఇంటి దగ్గరే తెలుసుకుంటారు.

ఇట్లు,
డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ అధ్యాపకుడు,
అనకాపల్లి జిల్లా